పెళ్లింట్లో పచ్చినీళ్లు

కొత్తగా ఆరోగ్య శాఖలో చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇంటికి వస్తుంటారు. మంచి పిల్లలు. టీ తాగుతారు, ఆ మాటా ఈ మాటా మాట్లాడతారు, ఆ తరువాత మెల్లగా అసలు బాధ బయటపెడతారు. "మేడం, జనానికి ఎంత చెప్పినా వినరు మేడం" అని. నాకు సరిగ్గా అక్కడే మండుతుంది. వినకపోవడం ఏమిటమ్మా? వింటారు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు కూడా. మనం చెప్పకుండా వదిలేసింది మాత్రం వాళ్లకు తోచినట్టు చేసుకుంటారు. తప్పు అక్కడ జరుగుతుంటే మనం ఇంకెక్కడో వెతుకుతుంటాం.

ఈ సంగతి నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఒక పెళ్లింట్లో తెలిసింది. ఆ పెళ్లి గురించే రాస్తున్నాను. నేను గెలిచిన కథ కనుక మధ్యమధ్య గొప్పలు చెప్పుకుంటాను, ఓర్చుకోండి. సర్వీసంతా ఊళ్ల వెంట కాళ్లరిగేలా తిరిగిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉండాలి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలు కాలేదు, అంతా ఒకటే పాలమూరు. ఉప్పునుంతలలో నర్సుగా మొదలుపెట్టి, కల్వకుర్తిలో కొన్నాళ్లు చేసి, చివరికి హెల్త్ సూపర్‌వైజరునై అమరచింత దగ్గరి ఒక చిన్న ఊరి దవాఖానకు వచ్చాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు చదివితే వాళ్లకు ఎట్లాగూ తెలిసిపోతుంది. నర్సుల మీద అజమాయిషీ నా పని. నా గొంతు దవాఖాన గేటు దాకా వినబడుతుందని పేరు. అబద్ధం. గేటు దాటి బస్టాండు దాకా వినబడేది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ఊరికి నీళ్లు తెచ్చే పెద్ద పైపు మోరీ పక్కన ఎక్కడో పగిలి, మురుగు నీళ్లు అందులో కలిశాయి. ముందు మగ్గాల వాడలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. చూస్తుండగానే పక్క వాడలకు పాకింది. దవాఖానలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచి, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టాం.

మా డాక్టరు గారు కుర్రవాడు. మంచి మనిషి, చదువు బాగా వచ్చినవాడు, పేషెంటును కసురుకోవడం నేను ఒక్కనాడు చూడలేదు. ఒకటే లోపం, అన్నిటికీ భయం. ఆ రోజు మాత్రం సరైన భయమే పడ్డారు. పైపు బాగుచేసి, నీళ్లు పరీక్షకు పంపి, మంచివని తేలేదాకా ఊరంతా కాచిన నీళ్లే తాగాలని ప్రకటన చేయించారు. వాడవాడలా డప్పు చాటింపు, మసీదు మైకులో, గుడి మైకులో అదే మాట. అది చాలదన్నట్టు మా హెల్త్ అసిస్టెంటు ఆటోకు మైకు కట్టుకుని బయలుదేరాడు.

ఈయన గురించి రెండు మాటలు చెప్పాలి. ఉద్యోగంలో చేరకముందు నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడట. వేషాలు పోయాయి కానీ గొంతు పోలేదు. "మహాజనులారా! మరగకాచి చల్లార్చిన జలమునే సేవింపుడు!" అని వీధి మలుపులో ఆయన రాగం తీస్తే, ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ బయటికొచ్చి "నాటకం యాడ సార్? పొద్దుగూకినంకనా?" అని అడిగేవాళ్లు. ఆయన ముఖం చూడాలి అప్పుడు.

నవ్వులాట అటుంచితే, జనం మాట విన్నారు. ఏ ఇంటికి పోయినా పొయ్యి మీద నీళ్ల గిన్నె. కట్టెలు తడిసి రాజుకోక కళ్లు మండుతున్నా ఊది ఊది కాచుకుంటున్నారు. గ్యాసు ఉన్నవాళ్లు సిలిండరు అయిపోతుందని తిట్టుకుంటూనే కాచుకుంటున్నారు. అయినా దవాఖానకు కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి.

"వాళ్లు అబద్ధం చెబుతున్నారు మేడం. కాచడం లేదు" అన్నారు డాక్టరు గారు.

"నేను చూసొచ్చిన సార్, ప్రతి ఇంట్ల గిన్నె పొయ్యి మీదనే ఉంది" అన్నాను.

"మరి ఎందుకు తగ్గడం లేదు?"

జవాబు లేకపోతే నాకు అన్నం సహించదు.

ఆ మరునాడు బస్టాండు దగ్గర టీ హోటల్ నడిపే చాచా వాళ్ల అమ్మను భుజాన వేసుకుని వచ్చాడు. ఊరంతా ఆ పెద్దామెను దాదీ అనే పిలుస్తారు. ఎండిన మిరపకాయంత మనిషి, నాలుకకూ ఆ కారమే. విరేచనాలతో సోలిపోయి ఉంది. సెలైన్ ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చుని, పక్క మంచం మీది ఆమెతో గొడవ పెట్టుకుంది కనుక ప్రాణానికి ఏం భయం లేదని తేలిపోయింది. భయమంతా చాచాకే. ఆయన బిడ్డ పెళ్లి మరుసటి శుక్రవారం. పిల్లవాడిది గద్వాల. ఒకసారి తారీఖు పెట్టుకున్నాక పిల్లవాడి ఇంట్లో పెద్దాయన పోయి ఆగిపోయింది. మళ్లీ పెట్టుకుని, కార్డులు పంచి, ఇప్పుడు ఇది.

"కాగవెట్టిన నీళ్లే ఇచ్చినం సిస్టరమ్మా. మా ఇంటామె ఒట్టు వెట్టి చెప్తుంది" అన్నాడు.

సరే, ఇంటికే పోయి చూద్దామని పోయాను. గోడలకు కొత్త సున్నం, వాకిట్లో గోధుమలు ఎండబోసి ఉన్నాయి. పెళ్లికూతురు ఒక మూల కూర్చుని కొంగుకు అంచు కుడుతోంది. చాచా భార్యను నేను ఖాలా అనేదాన్ని. ఆమె నన్ను చూడగానే ఏడుపు ముఖం పెట్టింది.

"నా బిడ్డ మీద ఒట్టు సిస్టరమ్మా. గలగల మసిలేదాక దించలే."

ఇక్కడే ఒక మాట చెబుతాను, పిల్లలూ, రాసిపెట్టుకోండి. ఇంటికి పోయి "కాచుకుంటున్నారా?" అని అడగకండి. "దూప అయితుంది, జర నీళ్లియ్యి" అనండి. ఆ తరువాత నోరు మూసుకుని కళ్లు తెరిచి కూర్చోండి. నాకు మొదటిది ఎంత కష్టమో మీకు తెలుసు కదా, అయినా ఆ రోజు కూర్చున్నాను.

ఖాలా పొయ్యి మీది గిన్నె మూత తీసింది. పొగలు. చెంబుతో తీసుకుంది, గిలాసలో పోసింది, వేలితో ముట్టి చూసి "అబ్బ, కాక ఉన్నయి, జర ఆగుండ్రి" అంది. పక్కనున్న బకెట్లోంచి ఒక ముంత నీళ్లు అందులో పోసి, నవ్వుతూ నాకు అందించింది.

"ఏం జేసినవ్ ఖాలా?"

"ఏం జేసిన? సల్లవరిచిన."

"దేంతోని?"

"నీళ్లతోని."

"ఏ నీళ్లు?"

"నల్లా నీళ్..." అని, సగంలో ఆగిపోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఖాలాను తప్పుపట్టకండి. మన ఇళ్లల్లో స్నానానికి నీళ్లు కాచడం తప్ప తాగడానికి ఎవరు కాచారు? స్నానం నీళ్లు ఎట్లా చేస్తాం? మరిగిన నీళ్లు బకెట్లో పోసి, చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసుకుంటాం. చెయ్యికి అదే తెలుసు. గంటసేపు కట్టెలు ఊది కాచిన నీళ్లను క్షణంలో మళ్లీ మురుగు చేసుకుంటున్నారు. అదే దారిలో ఇంకో నాలుగు ఇళ్లల్లో దూప అని కూర్చున్నాను. అన్ని ఇళ్లల్లోనూ అదే బకెట్, అదే ముంత, అదే నవ్వు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తిరిగి వచ్చి ఖాలాను అడిగాను. "తొక్కు జాడీల తడి చెయ్యి వెడ్తవా?"

"తోబా తోబా! ఏడాది తొక్కు బూజు వడ్తది."

"కాగిన నీళ్లు తొక్కు అనుకో. పచ్చినీళ్లు తడి చెయ్యి."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. అంతవరకూ కుట్టుకుంటున్న పెళ్లికూతురు తలెత్తి, "గీ ముక్క మైకుల చెప్పొద్దా సిస్టరమ్మా? జలము, సేవింపుడు అంటే మాకేం తెలుస్తది?" అంది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

హెల్త్ అసిస్టెంటు మాత్రం ఒప్పుకోలేదు. "తొక్కు, తడి చెయ్యి... సాహిత్యం లేదు మేడం ఇందులో" అన్నాడు. నేను గొంతు పెంచాను. మరునాటి నుంచి ఆటోలో సాహిత్యం లేకుండానే వినబడింది. "తొక్కుల తడి చెయ్యి వెట్టరు గదా! కాగిన నీళ్లల్ల పచ్చినీళ్లు పొయ్యకుండ్రి! మూత వెట్టుండ్రి, వాటంతట అవే సల్లారనియ్యిండ్రి!" మేము ఇల్లిల్లూ తిరిగి మిగతావి చూపించాం. మసిలాక మరికొంచెంసేపు అట్లాగే మసలనివ్వాలి. చల్లారిన నీళ్లు పోసుకునే కుండను కూడా కాగిన నీళ్లతోనే కడగాలి. గిలాస ముంచకూడదు, పొడుగు పిడి ఉన్న గరిటెతో తీయాలి. పళ్లు తోముకుని పుక్కిలించడానికి, పసిపిల్లల పాలకు, పచ్చిగా తినే కాయలు కడగడానికి కూడా ఆ నీళ్లే. ఊరంతటికీ ఈ సంగతి పాకేసరికి వరండాలో చాపలు ఒక్కొక్కటే చుట్టేశాం. కిటికీ ఊచలు మళ్లీ ఊచల్లా కనబడ్డాయి.

కానీ పైపు ఇంకా బాగుకాలేదు, ప్రకటన ఇంకా అమలులోనే ఉంది. శుక్రవారం దగ్గరపడింది. డాక్టరు గారు చాచాను పిలిపించారు.

"నిఖా చేసుకోండి. భోజనాలు మాత్రం వద్దు. ఇంతమంది ఒకచోట తిని తాగితే, ఏదైనా జరిగితే దవాఖాన తట్టుకోలేదు. తహసీల్దారు గారికి రాస్తాను."

చాచా తల మీది టోపీ తీసి చేతిలో నలిపాడు.

"సార్, దావత్ లేకుంటే నా ఇంటికి ఎవరొస్తరు సార్? గద్వాలోళ్లు అసలే పరేషాన్ల ఉన్నరు. 'ఆ ఊర్ల నీళ్లు తాగితే సస్తరంట' అని ఎవరో చెప్పిండ్రు. ఒకపారి ఆగిన పెండ్లి. మళ్లొకపారి ఆగితే నా బిడ్డనే అడుగు మంచిది కాదంటరు. జిందగీ అంత అంటరు."

గుమ్మం బయట తల్లి వెనుక నిలబడ్డ పెళ్లికూతురు లోపలికి వచ్చింది. మా దవాఖానలో పెళ్లికూతురు తన పెళ్లి గురించి తానే మాట్లాడటం నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"డాక్టర్ సాబ్, నా పెండ్లిల తిన్నోళ్లు దవాఖానల పడితే గూడ నన్నే అంటరు. అది ఇంక పెద్ద బద్నాం. మీరు ఆపమంటే అబ్బాను నేనే ఆపుత. గానీ ఆపకుంట అయ్యే తొవ్వ ఉంటే చెప్పుండ్రి. ఎంత కష్టమైనా చేస్తం."

డాక్టరు గారు నా వైపు చూశారు. నా నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది. "తొవ్వ ఉంది సార్. నీళ్ల కాడ నేను నిలవడ్త."

"ఏదైనా జరిగితే మెమో మీకు వస్తుంది మేడం."

"వస్తే రానియ్యుండ్రి సార్. జరగదు."

ఏం ఒప్పుకున్నానో బయటికి వచ్చాక లెక్క వేసుకున్నాను. దావత్ అంటే వంద మంది కాదు, ఊరు ఊరంతా.

మసీదు కమిటీ దగ్గర దావతులకు ఇచ్చే దేగులు ఉంటాయి. కళాయి పెట్టించిన రాగి వంటపాత్రలు, పసిపిల్లలు లోపల దాక్కోవచ్చు, అంత పెద్దవి. బిర్యానీకి ఎట్లాగూ తెస్తారు. నేను ఒకరోజు ముందే తెప్పించాను. బిర్యానీ కన్నా ముందు నీళ్లు వండాలి అన్నాను. వంట మాస్టరు తన జన్మలో నీళ్లు వండలేదని నవ్వాడు, కానీ వండాడు. పొద్దున్నే హోటల్ వెనుక ఖాళీ జాగాలో పొయ్యిలు తవ్వి, దేగులు ఎక్కించి, మసిలించి, మూతలు పెట్టి, మూతల మీద ఉతికిన తెల్లగుడ్డలు కట్టాం. పెళ్లి నాటికి వాటంతట అవే చల్లారాలి. నల్లా బిగించిన స్టీలు డ్రమ్ములు పక్క ఊళ్ల నుంచి అడిగి తెచ్చాం, ముంచే పనే ఉండకుండా. ఖాలా ఆ దేగుల చుట్టూ ఎవరినీ రానివ్వలేదు. ఒక పెద్దమనిషి చెయ్యి కడుక్కుంటానని చెంబు పట్టుకుని వస్తే, "తడి చెయ్యి! తడి చెయ్యి!" అని కేకపెట్టి తరిమింది. ఆయన ఏం తప్పు చేశాడో ఆయనకు ఈ రోజుకూ తెలిసి ఉండదు.

చిక్కంతా చాచాతోనే వచ్చింది. గిలాసలు ఎట్లా కడుగుతారో ఒకసారి చూపించమన్నాను. ఆయన సబ్బు పెట్టి శుభ్రంగా తోమాడు, కాగిన నీళ్లతో కడిగాడు, చూడముచ్చటగా ఉంది. ఆఖరున గిలాసను పక్కనున్న బకెట్లో ఒక్క ముంచు ముంచి తీసి, నా ముందు బోర్లించాడు. టీ హోటళ్లలో చూసే ఉంటారు, పొద్దున నింపిన బకెట్లోనే సాయంత్రం దాకా గిలాసలన్నీ మునిగి లేస్తుంటాయి.

"చాచా!" అని నేను అరిస్తే బస్టాండులో బస్సు కూడా ఆగి ఉంటుంది.

ఆయన తన చేతిని తానే వింతగా చూసుకున్నాడు. "నేను ముంచలే సిస్టరమ్మా. చెయ్యే ముంచింది."

"ఆ బకెట్ తీసి అవతల పారెయ్యి. లేకుంటే చెయ్యి తీసి పారేస్త."

బకెట్ పోయింది. శుక్రవారం నాడు అలవాటు కొద్దీ ఆయన చెయ్యి గిలాస పట్టుకుని బకెట్ ఉండే చోటికి పోవడం, గాలిలో ఆగడం, వెనక్కి రావడం నేను చాలాసార్లు చూశాను.

పెళ్లిరోజు వానలు తెరిపిచ్చి, ఎండ చర్మం కాల్చేలా ఉంది. ఉక్కపోత. షామియానా కింద నిలబడితేనే చెమటలు. బిర్యానీ దమ్ము మీద ఉంది, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కొత్తిమీర అన్నీ కాగిన నీళ్లలో కడిగి పెట్టాం, గులాబీ షర్బత్ తయారు. అన్నీ చూసుకున్నాం అనుకుని కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు షామియానా వెనుక టక్, టక్ అని చప్పుడు.

పోయి చూస్తే చాచా బామ్మర్ది ఊకలో చుట్టి తెచ్చిన ఐసు దిమ్మను సుత్తితో పగలగొడుతున్నాడు. ఊరి ఐసు ఫ్యాక్టరీది. పెళ్లి మాట అనుకున్నప్పుడే ఆర్డరిచ్చారట, చెప్పినరోజుకు బండి తెచ్చి దించింది. ఫ్యాక్టరీకి నీళ్లు ఎక్కడివి? అదే పైపు. నీళ్లు కాచాం, కుండలు కడిగాం, బకెట్ పారేశాం, ఐసు మాత్రం ఒక్కరికీ గుర్తుకు రాలేదు. ఒక ముక్క అప్పుడే ఆయన చేతిలో ఉంది, చెయ్యి షర్బత్ గంగాళం మీద ఉంది.

నేను పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నాను. పెళ్లిలో పరాయి మగవాడి చెయ్యి పట్టుకున్నందుకు అందరూ బిత్తరపోయి చూశారు.

"ఐసుకు ఏమైతది సిస్టరమ్మా? గడ్డ కట్టినంక పురుగు బతుకుతదా?" అన్నాడు ఆయన.

"సావదు. పండుకుంటది. షర్బత్‌ల కరగంగనే లేస్తది."

సరిగ్గా అప్పుడే వీధి చివర బ్యాండు వినబడింది. గద్వాలోళ్లు దిగారు. ముందు పిల్లవాడి మేనమామ, ఇప్పుడు ఆ ఇంటికి ఆయనే పెద్ద. నిండు మనిషి, తెల్లటి షేర్వానీ, బుర్ర మీసాలు. ఆయన వెనుక ఇద్దరు కుర్రవాళ్లు పెద్ద నీళ్ల క్యాన్లు మోసుకొస్తున్నారు. చాచా ఎదురువెళ్లి సలాం చేస్తే, మేనమామ ఆలింగనం చేసుకుని, అందరికీ వినబడేలా అన్నాడు. "ఏమనుకోకుండ్రి. మా నీళ్లు మేం తెచ్చుకున్నం."

బ్యాండు కూడా ఆగింది. చాచా ముఖంలో రక్తం లేదు. పెళ్లికూతురు ఉన్న గది కిటికీ తలుపు కొంచెం తెరుచుకోవడం చూశాను. ఇంటికి వచ్చిన వియ్యంకుడు మీ నీళ్లు ముట్టనంటే ఇంకేం మిగిలింది? ఇప్పుడు చల్లగా లేని షర్బత్ ముందు పెడితే దానికో మాట అంటాడు.

"ఐసు వాడొద్దు అంటున్నవు, వెచ్చటి షర్బత్ ఇస్తే ముఖాన ఊంచుతరు. ఏం జెయ్యాలె?" అని ఖాలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గోడకు ఆనుకుని కూర్చున్న దాదీ అందుకుంది. దవాఖాన నుంచి వచ్చి వారం కాలేదు, కొత్త చీర కట్టుకుని, ఉన్న నాలుగు పళ్లతో వక్క నములుతోంది. "మా ఇంటాయన జాతరలల్ల కుల్ఫీ అమ్మేటోడు. కుల్ఫీల ఐసు ఏస్తరా ఎవరన్న? ఐసుల కుల్ఫీ వెడ్తరు. గింత పెద్దోళ్లు అయిండ్రు, గది గూడ తెల్వదా మీకు?"

ఒక్క క్షణం అందరం ఆమెను చూశాం. ఆ తరువాత కదిలిన కదలిక నేను ఏ దవాఖాన ఎమర్జెన్సీలోనూ చూడలేదు. హోటల్‌కు పాలు తెచ్చే మూతల క్యాన్లు మరిగే నీళ్లతో కడిగి అందులో షర్బత్ నింపి, మూతలు బిగించి, టబ్బుల్లో ఐసు ముక్కలు, దొడ్డుప్పు పోసి వాటి మధ్యలో దించారు. హెల్త్ అసిస్టెంటు చొక్కా చేతులు మడిచి, కుల్ఫీవాడిలాగా క్యాన్లను గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. ఐసు నీళ్లు మూత దాకా రాకుండా ఖాలా కాపలా. పోసే ముందు క్యాన్ బయట పొడిగుడ్డతో తుడిచే పని నాది. బ్యాండువాళ్లను ఇంకో రెండు పాటలు వాయించమని చాచా పంపాడు, వాళ్లు హుషారెక్కి మూడు వాయించారు.

షర్బత్ చల్లబడింది. గిలాసలో పోస్తే బయట చెమటలు పట్టేంత చల్లగా. ఇప్పుడు ముందు ఎవరు తాగుతారు? పళ్లెం మేనమామ ముందుకు వెళ్లింది. ఆయన మీసం దువ్వుకున్నాడు కానీ చెయ్యి చాపలేదు.

అప్పుడు నా వెనుక నుంచి ఒక చెయ్యి వచ్చి గిలాస అందుకుంది. డాక్టరు గారు. ఎప్పుడొచ్చారో నేను చూడలేదు. తరువాత తెలిసింది, పొద్దున్నే దవాఖానలో మంచాలన్నీ దుప్పట్లు మార్పించి, సెలైన్ సీసాలు వరసగా పెట్టించి మరీ వచ్చారట. అంత భయం ఉన్న మనిషి, షామియానా నడుమ నిలబడి, గిలాస ఎత్తి గటగటా తాగేశారు. "నేను ఈ ఊరి దవాఖాన డాక్టర్ని" అని మేనమామతో చెప్పి, ఖాళీ గిలాస పళ్లెంలో పెట్టి, "ఇంకోటి ఉందా మేడం?" అని నన్ను అడిగారు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరగవా మరి!

మేనమామ చూశాడు. ఆ ఎండ, ఆ షేర్వానీ, కళ్లముందు చెమట పట్టిన గిలాస. ఎంతసేపు ఆగుతాడు? ఒక గుక్క తాగాడు. ఆగాడు. మొత్తం తాగాడు. "అరె వా" అన్నాడు. అంతే, గద్వాల జనమంతా పళ్లేల మీద పడ్డారు. వాళ్లు మోసుకొచ్చిన క్యాన్లు మూతలు తీయకుండా షామియానా గుంజకు ఆనుకుని సాయంత్రం దాకా అట్లాగే ఉన్నాయి. నిఖా అయింది, దావత్ అయింది, ఊరు ఊరంతా తిన్నది. చాచా ఎంత వద్దన్నా తానే వడ్డించాడు, ప్రతి బంతిలోనూ "నీళ్లు మంచిగున్నయి, ధైర్యంగ తాగుండ్రి" అని చెప్పుకుంటూ.

అప్పగింతల వేళ తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఏడుస్తున్నారు, నేనూ ఏడుస్తున్నాను. కారెక్కబోతూ పెళ్లికూతురు ముసుగు కొంచెం పైకెత్తి, ఎక్కిళ్ల మధ్య, "అమ్మీ, దాదీకి పచ్చినీళ్లు కలిపి ఇయ్యకు" అంది. ఏడుస్తున్నవాళ్లంతా ఒక్కసారి నవ్వేశారు. దాదీ మాత్రం, "ఇగ పో, పో, నన్ను నేను సూస్కుంట" అని కసిరి, కొంగుతో ముఖం కప్పుకుంది.

నాకు అసలు పరీక్ష ఆ తరువాత మొదలైంది. తిన్నవాళ్లకు ఏమైనా అయితే ఆ రాత్రో మరునాడో బయటపడుతుంది. మరునాడు పొద్దున్నుంచి నేనూ డాక్టరు గారూ వరండాలో కూర్చుని గేటు వైపే చూశాం. గేటు చప్పుడైతే లేచేవాళ్లం. ఒక పిల్లవాడు మోకాలు చెక్కుకుపోయి వచ్చాడు. వాడి మోకాలికి అంత సంబరంగా కట్టు కట్టిన దవాఖాన ఇంకొకటి ఉండదు. ఆ రోజు పోయింది, మరునాడూ పోయింది. ఉతికిన దుప్పట్లు మడత విప్పకుండానే ఉన్నాయి.

ఆ తరువాతి రోజు ఫోను మోగింది. ఎత్తితే, "గద్వాల నుంచి మాట్లాడుతున్న" అన్నాడు మేనమామ.

"ఏమైంది అన్నా? ఎవరికి?"

"ఎవరికి ఏం కాలే. మాకే అయింది."

"ఏమైంది?"

"ఏమైందా? మీ పిల్ల ఇంట్ల అడుగువెట్టిన కాన్నుంచి కుండల గిలాస ముంచనిస్తలేదు. గరిటె ఏదంటది. మూత ఏదంటది. నిన్న నేను దూప అయి గిలాస ముంచబోతే, కొత్త కోడలు, ముసుగు ఏస్కొని, 'మామూ, తొక్కుల తడి చెయ్యి వెడ్తరా?' అన్నది. నా ఇంట్ల నాకు పారా వెట్టిండ్రు సిస్టరమ్మా!" అని, పెద్దగా నవ్వాడు. "మంచి పిల్లనిచ్చిండ్రు. చాచాకు చెప్పుండ్రి. బంగారమసుంటి పిల్ల."

నేను ఫోను పెట్టేసి డాక్టరు గారికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. నేను హోటల్‌కు కబురు పెట్టాను, దవాఖానలో అందరికీ టీ పంపమని, ఆ టీతో పాటు చాచానూ రమ్మని. ఆయన ట్రే పట్టుకుని తానే వచ్చాడు. మేనమామ మాటలు మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన ట్రే బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదిలాయి.

కాసేపటికి తిరిగి, ముఖం తుడుచుకుని టీలు అందించాడు. డాక్టరు గారు అలవాటు కొద్దీ గిలాసను వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఏం సూస్తున్నవ్ సార్?" అన్నాడు చాచా, ఎర్రబడ్డ కళ్లతో, ఇంతెత్తున లేచి. "బకెట్ పారేసిన. నా బిడ్డ పెండ్లిల లెక్కనే కాగిన నీళ్లతోని కడిగిన. తాగు!"

డాక్టరు గారు తాగారు.